గుల్షన్ బీ సైకిలు

రాజంపేట
14 అక్టోబరు 1938

చిరంజీవి తమ్ముడు ఖాసిం వలికి అక్క గుల్షన్ బీ దువా.

పోయిన సోమవారం పొద్దున సంగతి రాస్తాను. విశేషమైన పొద్దు కాదు. తెల్లవారి నమాజు చేసుకుని చాప మడిచాను. కోళ్ళ గంప ఎత్తాను. కోడలు షంషాద్ బీ వాకిలి ఊడుస్తోంది. మన అబ్బాయి జమాల్ బాషా తమలపాకుల కట్టలు తడిపి గోనె కప్పుతున్నాడు. రాత్రి సంగటిలో మజ్జిగ పోసుకుని తాగి, కత్తెర, దారం నీళ్ళలో మరగబెట్టి సంచిలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. తుమ్మలమిట్టలో గంగక్కకు నొప్పులని కబురొచ్చింది. నాలుగు మైళ్ళు. శేషన్న బండి కోసం చూస్తున్నాను.

శేషన్న వచ్చి, "ఒక ఎద్దు యాడికో పోయిండాది గుల్షన్ బీ, పట్టుకొస్తా ఉండు" అన్నాడు. ఉన్నాను. బారెడు పొద్దెక్కాక బండి కదిలింది.

నేను చేరేసరికి బిడ్డ వచ్చి, పోయింది. బొడ్డుపేగు మెడకు చుట్టుకుంది. పక్కన తెలిసిన చెయ్యి ఉంటే తీసేసేదే. ఆ సమయానికి నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎద్దుల తోకలు చూస్తూ కూర్చున్నాను.

గంగక్క తోడికోడలు ఓబులమ్మకు ఇప్పుడు అయిదో నెల. ఇదివరకే ఇద్దరు పుట్టి దక్కలేదు. వచ్చేటప్పుడు నా కొంగు పట్టుకుంది. "నాకు మాఘంలో వస్తాది. నువ్వు వస్తావు కదా?" అంది. వస్తానన్నాను. ఆ మాట నిలబెట్టే పని శేషన్న ఎద్దులకు వదలలేను.

అందుకని నాకు ఒక సైకిలు కావాలి. తొక్కేది నేనే. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు విశ్వాసమ్మ తొక్కుతుంది, నేర్పుతానంది. తన సైకిలు తనకే చాలదు. నీ అంగడి పక్కన సైకిళ్ళ అంగడి ఉందని నువ్వే చెప్పావు. చూసి రాయి.

నీ అక్క
గుల్షన్ బీ


కర్నూలు
22 అక్టోబరు 1938

పెద్దక్కకు ఖాసిం వలి సలాములు.

నీ ఉత్తరం చూసి మొదట భయపడ్డాను. నీ జన్మలో ఇంత పొడుగు ఉత్తరం రాయలేదు. నాయన పోయినప్పుడు కూడా నాలుగు ముక్కలే రాశావు. గంగక్క సంగతి చదివి మనసు పాడైంది. తరువాత సైకిలు దగ్గరికి వచ్చాను. దూది ఏకుతున్నవాణ్ణి చేతిలో విల్లు కింద పెట్టేశాను.

ఇంట్లో చదివి వినిపిస్తే నీ మరదలు ఫాతిమా బీ ఒకటే అడిగింది: "వదినకు యాభై నాలుగు కదా? దిగేటప్పుడు ఎవరు దించుతారు?" "సైకిలే దించుతాది" అన్నాను.

అక్కా, నువ్వు సరైన మనిషినే అడిగావు. ఆరేళ్ళుగా సైకిళ్ళ అంగడి పక్కన పరుపులు కుడుతున్నాను. సైకిలు గురించి నాకు తెలియనిది లేదు. బసవరాజు నాకు అన్నీ చెబుతాడు. బళ్ళారి వైపు మనిషి, మంచివాడు. నీ సంగతి చెబితే, "ఏమప్పా ఖాసిం వలీ, దుడ్ల మాట తర్వాత. ముందు ఆ తల్లి ఎంత ఎత్తు ఉండాదో చెప్పు. చెప్పు కొనేటప్పుడు కాలు చూస్తామా, లేదా?" అన్నాడు.

ఆడవాళ్ళ సైకిలు వేరే ఉంటుంది. మధ్యలో అడ్డ కమ్మీ ఉండదు. చీర పడకుండా వెనక చక్రానికి వల, గొలుసుకు డబ్బా ఉంటాయి. అందులోనూ పొట్టిది, పొడుగుది అని రెండు రకాలు. నడుము నుంచి మడమ దాకా దారంతో కొలిచి, మోకాలి దగ్గర ఒక ముడి, మడమ దగ్గర ఒక ముడి వేసి పంపు. ఎన్ని మూరలో రాయవద్దు. నీ మూర వేరు, బసవరాజు మూర వేరు.

మనవరాలికి దగ్గు పట్టుకుంది. నువ్వు దువా చెయ్యి. ఇనుప గుర్రం ఎక్కబోయే దానివి, నీ దువా వేగంగా చేరుతుంది.

నీ తమ్ముడు
ఖాసిం వలి


రాజంపేట
2 నవంబరు 1938

చిరంజీవి ఖాసిం వలికి దువా.

రంజాను నెల. విశ్వాసమ్మ పండగ దాటాక నేర్పుతానంది.

బిడ్డ దగ్గు గురించి రాశావు. దువా చేశాను. దారం ఇందులోనే పెట్టాను. రెండు ముడులు ఉన్నాయి, జాగ్రత్త.

జమాల్ బాషాకు ఇష్టం లేదు. "మసీదు వీధిలో నలుగురూ చూస్తారమ్మా" అన్నాడు. చూడనీ అన్నాను. నాలుగు రోజులుగా నాతో మాట్లాడకుండా అన్నం తిని లేచిపోతున్నాడు. తింటున్నాడు కాబట్టి నాకు దిగులు లేదు.

గుల్షన్ బీ


కర్నూలు
28 నవంబరు 1938

పెద్దక్కకు సలాములు. పండగ బాగా జరిగింది. మనవరాలి దగ్గు తగ్గింది. ఫాతిమా బీ నీ పేరు చెప్పి వీధి వీధంతా సేమ్యా పంచింది.

సైకిలు కొన్నాను. నువ్వు పంపిన డబ్బు సరిపోయింది, ఆ మాట అక్కడితో వదిలెయ్యి. ఎలా కొన్నానో వినాలి నువ్వు. బసవరాజు మూడు సైకిళ్ళు వాకిట్లోకి తెచ్చాడు. ఒకటి సన్న టైర్లది, గాలికి పోయేటట్టుంది. నేను ముచ్చటపడ్డాను. "అది కర్నూలు కోట చుట్టూ తిరిగేదానికి. మీ అక్క దారిలో పల్లేరు ముళ్ళుండవా? నాలుగు మైళ్ళకు నాలుగుసార్లు గాలి పోతాది" అన్నాడు. రెండోది ఎవరో దొరసాని తొక్కి అమ్మింది. దానికి గంట మోగదు. నీకు గంట కావాలి, నువ్వు నోరు తెరిచి తప్పుకోమని అరిచే మనిషివి కావు. మూడోది కొన్నాను. నల్లది, లావు టైర్లు, వెనక నీ సంచి కట్టుకునే చట్రం, ముందు నూనె దీపం. పొడుగు రకం. నీలాంటి మనిషికి అదే హుందా.

రైలు పార్సిలులో వేశాను. ఇక కొత్తగా ఎక్కేవాళ్ళకు నా మాటలు నాలుగు. ముందు చక్రం వైపు చూడవద్దు, దారి చూడు. మలుపులో ఒళ్ళు అవతలి పక్కకు వంచు, లేకపోతే పడతావు. ఆగాలనుకున్నప్పుడు పెడళ్ళు వెనక్కి తొక్కు, ఉన్నచోటనే నిలుస్తుంది. గుండె దిటవు చేసుకో. మొదటి రోజు నేనూ భయపడ్డాను.

జమాల్ బాషాను నేను అడిగానని చెప్పు. వాడికి కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి, చల్లనీళ్ళు పెట్టండి.

నీ తమ్ముడు
ఖాసిం వలి


రాజంపేట
15 డిసెంబరు 1938

చిరంజీవి ఖాసిం వలికి దువా.

సైకిలు క్షేమంగా చేరింది. బాగుంది. నన్ను ఎక్కించి విశ్వాసమ్మ పట్టుకుంది. కాళ్ళు నేలకు జానెడు దూరంలో వేలాడుతున్నాయి. సీటు అడుగుదాకా దించాం. అయినా అంతే. బొటనవేళ్ళకు పెడళ్ళు అందుతాయి, నేల అందదు. ఎక్కించేవాళ్ళు ఒకరు, దించేవాళ్ళు ఒకరు ఉంటే తప్ప నడిచేటట్టు లేదు. నా మరదలు అడిగిన మాటే నిజమైంది.

దారం కొలత చూశావా?

ఇంకొకటి. నువ్వు చెప్పినట్టు మలుపులో అవతలికి వంగాను. మోచెయ్యి చీరుకుపోయింది. పెడళ్ళు వెనక్కి తొక్కాను. సైకిలు తన దోవన తాను పోయి ఆసుపత్రి గోడను ముట్టింది. "ఎవరమ్మా ఇట్లా చెప్పినారు నీకు?" అని విశ్వాసమ్మ చెట్టుకు ఆనుకుని నవ్వింది. మొదటి రోజు నువ్వు భయపడ్డావని రాశావు. అది ఏ రోజు? ఎవరి సైకిలు?

అబద్ధం చెప్పిన నోటికి పాపం. నిజం ఒప్పుకుంటే అల్లా పెద్ద మనసున్నవాడు. నేనూ అంతో ఇంతో ఉన్నదాన్ని.

గుల్షన్ బీ


కర్నూలు
22 డిసెంబరు 1938

పెద్దక్కకు తమ్ముడు తల వంచుకుని రాయునది.

నేను ఎప్పుడూ సైకిలు ఎక్కలేదు. ఒక్కసారి బసవరాజు అంగడి ముందు నిలబెట్టిన దాని మీద కూర్చున్నాను. స్టాండు వేసి ఉంది. అయినా భయమేసింది. నేను రాసింది అంతవరకు నిజం.

ఇక దారం. నీ ఉత్తరం వచ్చిన రోజు నేను పరుపులు ఇవ్వడానికి నంద్యాల పోయాను. ఫాతిమా బీకి చదువు రాదు కదా, పక్కింటి లాల్ అహమ్మద్ చేత చదివించుకుంది. నువ్వేమో "దువా చేశాను, దారం ఇందులోనే పెట్టాను, రెండు ముడులు, జాగ్రత్త" అని రాశావు. కొలత అన్న మాట ఒక్కటి రాస్తే నీ సిరా అయిపోతుందా అక్కా? మీ వైపు జనమంతా బిడ్డలను నీ దగ్గరికి దువా ఊదించుకోవడానికి తెస్తారని దీనికి తెలుసు. దువా చదివి ముడులు వేసి పంపావనుకుంది. నేను వచ్చేసరికి మనవరాలి మెడకూ చేతికీ కలిపి నాలుగు చుట్లు చుట్టి ఉంది. తీయబోతే, "ముట్టుకున్నావంటే చూడు! పిల్ల ఇప్పుడే నిద్రపోయిండాది" అంది. మర్నాటికి దగ్గు తగ్గింది. ఆపైన ఆ దారం ముట్టే మగవాడు కర్నూలులో లేడు.

మళ్ళీ పంపమని రాయవచ్చు. రాయలేదు, సిగ్గుపడ్డాను. బసవరాజు ఎంత ఎత్తని అడిగితే, "మా అక్క శానా పొడుగుమనిషి" అన్నాను. అబద్ధమని తోచలేదు. నాకు అయిదేళ్ళప్పుడు కడప ఉరుసులో నన్ను భుజం మీద ఎక్కించుకున్నావు. ఆ జనంలో అందరి తలలూ నాకు కిందే ఉండినాయి. అంతకన్నా ఎత్తయిన చోటు నేను ఎక్కింది లేదు. నా కళ్ళలో ఆ కొలతే ఉండిపోయింది. పోయిన బక్రీదుకు నీ పక్కన నిలబడ్డాను. నా భుజానికి వస్తావని ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తున్నది.

బసవరాజు మార్చి ఇస్తానన్నాడు. నన్ను తిట్టాడు కూడా. "కంటితో కొలిస్తే తప్పు పోతాది, నువ్వు ప్రేమతో కొలిచినావు, ఇంకా ఘోరం" అన్నాడు. సైకిలు వెనక్కి పంపు, పొట్టిది పంపుతాను.

ఖాసిం వలి


రాజంపేట
10 జనవరి 1939

చిరంజీవి ఖాసిం వలికి దువా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళద్దాలు తుడుచుకోవాల్సి వచ్చింది. ఎక్కువ అనుకోకు, దుమ్ము.

ఫాతిమా బీ దారం తీయవద్దు. దానిమీద దువా లేకపోయినా, కొలిచేటప్పుడు బిస్మిల్లా అనే కొలిచాను.

సైకిలు వెనక్కి పంపడం లేదు. పంపి తెప్పించేసరికి నెల పడుతుంది, అన్ని రోజులు లేవు. ఉన్నదానితో ఉపాయం దొరికింది. తుమ్మలమిట్ట దారిలో మైలుకు ఒక రాయి ఉంది. రాయి మీద నిలబడి ఎక్కుతాను. ఇంకో రాయి పక్కకు పోనిచ్చి, దానిమీద కాలు పెట్టి దిగుతాను. రాయికీ రాయికీ మధ్య దిగడం లేదు. మొన్న ఇద్దరు కోమట్లు దారిలో నిలబడి "ఎక్కడికమ్మా?" అని అడిగారు. వచ్చే రాయి దగ్గర చెబుతానని ముందుకు పోయాను.

జమాల్ బాషా ఇంకా మాట్లాడటం లేదు. సైకిలు దుమ్ము మాత్రం పొద్దున్నే ఎవరో తుడుస్తున్నారు. షంషాద్ బీ తాను కాదంటుంది.

గుల్షన్ బీ


కర్నూలు
20 జనవరి 1939

పెద్దక్కకు సలాములు.

రాయి నుంచి రాయికి అన్న మాట చదివిన నాటి నుంచి నాకు నిద్ర లేదు. దూది ఏకుతుంటే దూదిలో మైలురాళ్ళు కనిపిస్తున్నాయి. ఎదురుగా బండి వస్తే? కుక్క అడ్డం వస్తే? నీకు దెబ్బ తగిలితే నన్ను నరకంలో దించడానికి ఏ రాయీ అక్కర్లేదు. ఒక్క ఓబులమ్మ కోసం నువ్వు కాలు విరగ్గొట్టుకుంటే మిగతా ఊళ్ళ ఆడవాళ్ళు ఏమైపోతారు? ఆలోచించు.

నీ మరదలు మాత్రం నన్ను లెక్కచెయ్యడం లేదు. "వదిన పోతానంటే పోతాది. నువ్వు చెప్పిన మాటలు వినకుండా తొక్కితే పడేది లేదు" అంటుంది.

ఏ సంగతీ రాయకుండా ఉండవద్దు. నాలుగు ముక్కలైనా రాయి.

ఖాసిం వలి


రాజంపేట
17 ఫిబ్రవరి 1939

చిరంజీవి ఖాసిం వలికి దువా.

ఓబులమ్మ క్షేమం. ఆడబిడ్డ, క్షేమం. ముందు ఆ మాట రాశాను, ఇక నెమ్మదిగా చదువు.

మంగళవారం నమాజు చాప మడుస్తుంటే ఓబులమ్మ మొగుడు కంబన్న వాకిట్లోకి పరిగెత్తుకొచ్చాడు. నాలుగు మైళ్ళూ పరుగే. తుమ్మలమిట్ట వైపు చెయ్యి ఊపుతున్నాడు. సంచి కట్టుకుని సైకిలు బయటికి తీశాను. మొదటి రాయి మా ఇంటికి అర మైలు. అక్కడిదాకా నడిపించుకుపోవాలి.

వెనక నుంచి ఎవరో సీటు పట్టుకున్నారు. జమాల్ బాషా. "ఎక్కమ్మా" అన్నాడు. మూడు నెలలకు అదే మొదటి మాట. ఎక్కాను. మసీదు వీధి పొడుగునా, నలుగురూ చూస్తుండగా, సీటు పట్టుకుని పరిగెత్తాడు. రాయి దగ్గరికి వచ్చాక "వదలనా?" అన్నాడు. వదులు అన్నాను.

ఆ రోజు ఏ రాయి దగ్గరా దిగలేదు. తుమ్మలమిట్ట చేరాక గుర్తొచ్చింది, ఓబులమ్మ ఇంటి ముందు రాయి లేదు. గోడ పక్కన దిగుదామంటే గోడ పొడుగునా కంప వేసి ఉంది. బ్రేకు వేస్తే పడతాను. పడితే చెయ్యి విరుగుతుంది, నాకు ఆ పొద్దు చెయ్యే కావాలి. ఇంటి ముందు కళ్ళంలో గుండ్రంగా తిప్పుతూ కేకేశాను. అత్తగారు హంపమ్మ బయటికి వచ్చి చూసి గుండెలు బాదుకుంది.

"ఏందమ్మా గుల్షన్ బీ! లోపల బిడ్డ వస్తాంటే నువ్వు ఈడ ప్రదక్షిణాలు చేస్తాండావా!"

"దిగేదానికి రాయి లేదు హంపమ్మా, పట్టుకో" అన్నాను.

రెండో చుట్టులో దొరకబుచ్చుకుంది. సైకిలును కాదు, నన్ను. నడుము పట్టి గడ్డిమోపులా ఎత్తి గడప దగ్గర దించింది. సైకిలు తనంత తాను పోయి గడ్డివామిలో పడింది.

పేగు ఈ బిడ్డకూ మెడకు చుట్టుకునే ఉంది. రెండు చుట్లు. తల బయటికి వస్తోంది. వేలు దూర్చి ఒక్కొక్క చుట్టే తల మీదుగా తీశాను. నీలంగా ఉంది. వీపు రుద్దాను. కలిమా చదువుతూ రుద్దాను, హంపమ్మ నరసింహస్వామిని పిలుస్తూ పక్కన నిలబడింది. ఎవరి పిలుపు ముందు చేరిందో, బిడ్డ ఏడ్చింది. గంగక్క మూలన నిలబడి చూస్తోంది. వచ్చి, బిడ్డను కడిగే నీళ్ళు తానే పోసింది.

కంబన్న నడిచి వచ్చేసరికి బిడ్డ తల్లి పక్కలో ఉంది. శేషన్న బండి ఎక్కి ఉంటే నేను ఇంకా దారిలోనే ఉండేదాన్ని.

సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ముగ్గురం కూర్చున్నాం. జమాల్ బాషా, "పొట్టి సైకిలు తెప్పించాలమ్మా. ఇట్లా ఎన్నాళ్ళు?" అన్నాడు. మరి దీన్ని ఏం చేద్దామని అడిగాను. షంషాద్ బీ అన్నం వడ్డిస్తూ, "ఆయన కాలు నేలకు అందుతాది అత్తమ్మా. పొద్దున ఎవరూ లేనప్పుడు ఎక్కి కూచోని చూసుకుంటాండాడు, నేను చూసినా" అంది. వాడి చెవులు నువ్వు రాసినట్టే ఎర్రబడ్డాయి. "అది ఆడవాళ్ళ సైకిలు" అన్నాడు. "దానికి తెలుస్తాదా ఆడో మగో? తొక్కితే పోతాది. తమలపాకుల కట్టలు నెత్తిన మోసేదానికన్నా మేలు" అంది కోడలు. మా ఇంట్లో పెద్ద మాటలన్నీ అదే మాట్లాడుతుంది, నాకు పని తక్కువ.

అనుకున్నది ఇది. పొడుగు సైకిలు జమాల్ బాషాకు. నాకు పొట్టిది, బసవరాజు కళ్ళతో ఏరింది. దాన్ని పార్సిలు వెయ్యవద్దు, నువ్వే రైల్లో పెట్టుకుని రా, పది రోజులు ఉండేటట్టు రా. ఫాతిమా బీని, మనవరాలిని కూడా తీసుకురా. తెల్లవారి నమాజు కాగానే ఆసుపత్రి వెనక మైదానంలో జమాల్ బాషాకూ నీకూ సైకిలు నేర్పేది నేను. నువ్వు వచ్చేదాకా వాడికి ఆగే ఓపిక లేదు, రేపే మొదలు.

జమాల్ బాషా ఒక్క షరతు పెట్టాడు. వెనక నుంచి సీటు పట్టుకునేది అమ్మ అని ఊళ్ళో ఎవరికీ చెప్పకూడదట. కర్నూలుకు రాయకూడదని అనలేదు.

గుల్షన్ బీ